దీపాలమ్మ లైటు వెయ్యని సినిమా

ఆఫీసులో ఆమెకి దీపాలమ్మ అని పేరు పెట్టింది ప్రొజెక్టరు నడిపే ఆపరేటరు. ఆయన పెట్టిన పేరు ఊరికే పోదు. గేటు దగ్గరి వాచ్‌మన్ ఏ పని మీద వచ్చినవాళ్ళనైనా ముందు వెనక్కి పంపుతాడని అతనికి "రేపురా" అని పెట్టాడు. ఇప్పుడు ఆ వాచ్‌మన్ భార్య కూడా ఫోన్ చేసి "మా రేపురా ఉన్నాడాండీ?" అని అడుగుతుంది. దీపాలమ్మ పేరూ అలాగే స్థిరపడిపోయింది.

సినిమాలు విడుదల కాకముందే వాటిని చూసి, ఏ వయసు వాళ్ళు చూడొచ్చో తేల్చే ఆఫీసు అది. మూడో అంతస్తులో కిటికీల్లేని గది, మూడు కుర్చీలు. ప్రతి కుర్చీ చేతికీ రేకు టోపీ పెట్టిన చిన్న లైటు ఉంటుంది. సినిమా నడుస్తుండగా ఎవరూ మాట్లాడకూడదు. పిల్లలు చూడకూడనిది ఏదైనా వచ్చిందనిపిస్తే లైటు వెయ్యాలి, అది దాటిపోయాక ఆర్పెయ్యాలి. వెనక గోడలోని కంతలోంచి ఆపరేటరు తొంగి చూసి, ఏ చోట ఎవరి లైటు వెలిగిందో గుర్తు పెట్టుకుంటాడు. సినిమా అయిపోయాక ఆ ముక్కలు మాత్రం మళ్ళీ వేస్తాడు. అప్పుడు ముగ్గురూ కూర్చుని వాదించుకోవాలి. అదీ ఉద్యోగం.

అందరికంటే ఎక్కువ లైటు వేసేది ఆమే. ఒకసారి బొమ్మల సినిమాలో కుందేలు ప్లగ్గులో వేలు పెట్టి, ఒళ్ళంతా బూడిదై, కళ్ళు మాత్రం టపటపలాడించింది. ఆమె లైటు వేసింది.

"కుందేలుకి షాకు కొడితే తప్పేంటమ్మా? కుందేళ్ళు సినిమాలు చూడవు కదా," అన్నాడు ఆపరేటరు కంతలోంచే.

"కుందేళ్ళు చూడవు నాయనా. మూడేళ్ళ పిల్లలు చూస్తారు. వాళ్ళ ఇళ్ళల్లో ప్లగ్గులుంటాయి," అంది ఆమె.

గట్టిగా అనలేదు. గట్టిగా ఏదీ అనే గొంతు కాదు ఆమెది. ఇక్కడికి రాకముందు చాలా ఏళ్ళు బళ్ళో చరిత్ర చెప్పింది. సుద్దముక్క పొడికీ అరుపులకీ గొంతు పాడైపోయింది. ఇంక క్లాసుకి వెళ్తే మాట పూర్తిగా పోతుందని డాక్టరు చెప్పాక ఈ కుర్చీలోకి వచ్చింది. ఇప్పుడు ఆమె మాట్లాడితే ఎదుటివాళ్ళు కొంచెం ముందుకు వంగాలి.

ఆమె చెప్పిన చరిత్ర పుస్తకంలో పెద్దాయన గురించి ఒక్క పేరా ఉండేది. పెద్దాయన అంటే ఆమె చిన్నప్పుడు దేశాన్ని ఏలిన సైన్యాధిపతి. పోయి ఎన్నో ఏళ్ళైనా ఆ తరం వాళ్ళు ఇప్పటికీ పేరు పలకరు, పెద్దాయన అనే అంటారు, అదీ గొంతు తగ్గించి. ఆ పేరా చివర "ఆ కాలంలో ప్రజలు కొన్ని ఇబ్బందులు ఎదుర్కొన్నారు" అని ఒక వాక్యం. ప్రతి సంవత్సరం పిల్లల చేత ఆ వాక్యం కింద గీత గీయించేది. ప్రతి సంవత్సరం ఎవడో ఒకడు "ఏం ఇబ్బందులు టీచర్?" అని అడిగేవాడు. గంట కొట్టేదాకా వేరే ఏదో చెప్పేది.

* * *

ఆ ఇబ్బంది ఆమె ఇంట్లోనే ఉంది.

ఆమెకి అన్నయ్య ఒకడుండేవాడు. పదిహేనేళ్ళు. ఎవరి నడకనైనా ఒక్క చూపుతో పట్టేసి అచ్చం అలాగే నడిచి చూపించేవాడు. పాలవాడు, పక్కింటి నర్సు, చెయ్యి ఊపకుండా నడిచే వాళ్ళ నాన్న, ఎవరినీ వదిలేవాడు కాదు. అమ్మ కడుపు పట్టుకుని నవ్వుతూ "ఒరేయ్, నీ నడక ఏదిరా? నీదంటూ ఒకటుందా అసలు?" అనేది. వీధిలో ఆడి పొద్దుపోతే నాన్నకి దొరక్కుండా వెనక గది కిటికీలోంచి దూకి లోపలికి వచ్చేవాడు. అప్పుడు కూడా పిల్లి నడకే.

పెద్దాయనకి ఒక నడక ఉండేది. ఎడమ భుజం పైకెత్తి, గడ్డం ఆకాశానికి పెట్టి, కాళ్ళు బరువుగా ఈడుస్తూ, మెడదాకా నీళ్ళలో నడుస్తున్నట్టు నడిచేవాడు. దేశమంతా చూసేది, ఎవరూ చూసినట్టు ఉండేవారు కాదు. అన్నయ్య ఒకరోజు మధ్యాహ్నం క్లాసులో బెంచీల మధ్య ఆ నీళ్ళ నడక నడిచి చూపించాడు. క్లాసు క్లాసంతా ఘొల్లుమంది. ఎవరు చేరవేశారో ఇప్పటికీ తెలియదు.

ఆ సాయంత్రం ఇద్దరు మనుషులు ఇంటికి వచ్చారు. యూనిఫాం లేదు. చెప్పులు గుమ్మం బయటే విప్పారు. మంచినీళ్ళు అడిగారు. అప్పటికి దీపాలమ్మకి తొమ్మిదేళ్ళు, నీళ్ళు తెచ్చి ఇచ్చింది తనే. వాళ్ళలో వయసులో పెద్దవాడు గ్లాసు కింద పెట్టి, ఎంతో ముద్దుగా, "నువ్వు బాగా చేస్తావటగా, ఒకసారి చేసి చూపించు బాబూ" అన్నాడు.

అన్నయ్య అమ్మ వైపు చూశాడు. చెయ్యనంటే వీళ్ళకి కోపం వస్తుందేమోనని అమ్మే తల ఊపింది. అన్నయ్య చేశాడు. ఇద్దరూ నవ్వారు, తొడలు చరుచుకుని మరీ నవ్వారు. వాళ్ళు నవ్వుతున్నారు కదా, ఇక గండం గడిచిందనుకుని అమ్మ కూడా నవ్వింది. ఆమె గుండెల మీద బరువు దిగిపోవడం తొమ్మిదేళ్ళ పిల్లకే కనిపించింది. అప్పుడు ఆ పెద్దవాడు కళ్ళు తుడుచుకుంటూ లేచి, "మా ఆఫీసరుగారు కూడా చూడాలమ్మా ఇది. ఒక్క అరగంట, మళ్ళీ తెచ్చి దింపేస్తాం," అన్నాడు. "సరే బాబూ," అంది అమ్మ. సరే అంది.

ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరైనా గట్టిగా నవ్వితే అమ్మ లేచి వెళ్ళి తలుపు వేసేది. రేడియోలో హాస్యం వస్తే ఆపేసేది. వెనక గది కిటికీ మాత్రం గడియ పెట్టనిచ్చేది కాదు. వానొచ్చి పక్క తడిసినా, దొంగలు పడతారని నాన్న మొత్తుకున్నా తీసే ఉంచేది. "వాడు ఎదురు తలుపు కొట్టడు," అనేది. అలా పదేళ్ళు దాటింది. నాన్న పోయిన సంవత్సరం, ఇంటికి రంగులు వేస్తున్నప్పుడు, అమ్మ ఆ కిటికీ తనే మూసింది. గడియ బిగించి, "దీనిమీద కూడా వేసెయ్యి బాబూ" అని రంగులవాడికి చెప్పింది. ఆ రంగు కింద గడియ అతుక్కుపోయింది. అప్పటి నుంచి అమ్మకి నిద్ర పట్టడం మొదలైంది. కొన్నేళ్ళ తర్వాత వంటింట్లోంచి ఒక పాట ముక్క కూడా వినిపించింది.

పెళ్ళయ్యాక కూడా అమ్మతో ఆ ఇంట్లోనే ఉంటున్న దీపాలమ్మకి తెలుసు, అమ్మ జీవితంలో గెలుచుకున్నది అదొక్కటే, ఆ మూసిన కిటికీ. అందుకే పద్నాలుగేళ్ళ కూతురికి కూడా మామయ్య జ్వరంతో పోయాడనే చెప్పింది. సన్నగా, ఎప్పుడూ కబుర్లు చెబుతూ ఉంటుందని ఆ కూతుర్ని ఇంట్లో పిట్ట అంటారు. పిట్ట నోట్లో ఏ మాటా దాగదు. అమ్మమ్మ దగ్గర అస్సలు దాగదు.

* * *

పెద్దాయన మీద తీసిన కామెడీ ఆ ఆఫీసుకి వచ్చిన రోజు గదిలో ముగ్గురున్నారు. రిటైరైన హెడ్మాస్టరు, పిల్లల డాక్టరమ్మ, దీపాలమ్మ. పదమూడేళ్ళు నిండినవాళ్ళు చూడొచ్చని ముద్ర పడితే బడులన్నీ పిల్లల్ని సినిమాకి తీసుకెళ్ళడానికి సిద్ధంగా ఉన్నాయి. పడకపోతే పెద్దవాళ్ళకి మాత్రమే. మధ్యలో ఇంకో ముద్ర లేదు.

సినిమా నిజంగానే నవ్వించింది. పెద్దాయన పతకాల బరువుకి ముందుకు పడిపోకుండా వెనక నుంచి ఒకడు పట్టుకుని నడుస్తుంటాడు. ఆయన వేసుకున్న కోటుకి జేబులన్నీ చెవుల దగ్గరే, ఎందుకంటే చెయ్యి అంతకన్నా కిందికి దించితే సెల్యూట్ ఆగిపోతుందని భయం. డాక్టరమ్మ రెండుసార్లు తుమ్మినట్టు నటించి నవ్వు మింగింది. దీపాలమ్మ ఒకటి రెండు చోట్ల లైటు వేసింది, ఒక బూతుమాటకీ, ఒక తుపాకీ హాస్యానికీ.

తర్వాత బడి వచ్చింది. బెంచీల మధ్య ఒక కుర్రాడు గడ్డం పైకెత్తాడు. భుజం లేపాడు. కాళ్ళు ఈడ్చాడు.

ఆమె చెయ్యి కుర్చీ చేతి మీద బిగుసుకుంది.

సినిమాలో కూడా ఇద్దరు మనుషులు ఇంటికి వచ్చారు, ఒకడు లావు, ఒకడు సన్నం. చెప్పులు బయట విప్పారు. "ఒకసారి చేసి చూపించు బాబూ," అన్నాడు లావువాడు. కుర్రాడు నడిచాడు. ఇద్దరికీ నవ్వు ఆగలేదు. సన్నవాడి పెట్టుడు మీసం ఊడి మంచినీళ్ళ గ్లాసులో పడింది. లావువాడు బుట్ట మీద చతికిలబడ్డాడు. కుర్రాడు నడుస్తూనే ఉన్నాడు, గది చుట్టూ ఒకసారి, రెండుసార్లు, మూడోసారి అలాగే నడుస్తూ కిటికీ ఎక్కి, అవతలికి దిగి, గడ్డం దించకుండా వీధి చివరికి వెళ్ళిపోయాడు. గదిలో ఇద్దరూ ఇంకా నవ్వుతూనే ఉన్నారు. వీధిలో వాళ్ళు ఒక్కొక్కరే కుర్రాడి వెనక చేరి అందరూ మెడదాకా నీళ్ళలో నడవడం మొదలుపెట్టారు. కుర్రాడు చిన్నవాడై, ఇంకా చిన్నవాడై, కనుమరుగైపోయాడు.

ఆ ముక్క మొత్తం హెడ్మాస్టరు లైటు వెలుగుతూనే ఉంది. చివర్లో డాక్టరమ్మది కూడా వెలిగింది. మధ్య కుర్చీ చీకట్లోనే ఉండిపోయింది.

సినిమా అయ్యాక ఆపరేటరు కంతలో తల పెట్టాడు. "అమ్మా, మీ బల్బు మాడిపోయిందా? మార్చమంటారా?"

"లేదు నాయనా. బాగానే ఉంది."

* * *

వాదన మొదలుపెట్టింది హెడ్మాస్టరు. "టీచరమ్మా, నేనొక మాట చెప్తాను, నవ్వకండి. మా బళ్ళో ఆయన ఫోటో దుమ్ము రోజూ నేనే తుడిచేవాణ్ణి. ఒకరోజు గుడ్డ తగిలి ఫోటో వంకర అయింది. చూసినవాళ్ళు ఎవరైనా ఉన్నారేమోనని అటూ ఇటూ చూసి, తలుపు గడియ పెట్టి మరీ సరిచేశాను. ఇప్పుడీ సినిమాలో ఆయన్ని చూస్తే నాకే సిగ్గేసింది, ఈ బఫూన్‌కా నేను వణికింది అని. రేపు మా మనవడూ అదే అడుగుతాడు. వీడికా తాతయ్యా మీరు భయపడింది అని. ఏం చెప్పను?"

"వాళ్ళకి వెటకారం అర్థం కాదని కాదండీ," అంది డాక్టరమ్మ. "పదమూడేళ్ళ వాళ్ళు మనకంటే వెటకారంగా ఉంటారు, మా క్లినిక్‌కి రండి తెలుస్తుంది. కానీ అసలు సంగతి తెలిసినవాడికే వెటకారం వెటకారంలా కనిపిస్తుంది. తెలియనివాడికి అదే చరిత్ర అయిపోతుంది. ఆ కుర్రాడు పారిపోయాడు, అందరూ సరదాగా నడిచారు, శుభం."

"అందుకే అంటున్నాను," అన్నాడు హెడ్మాస్టరు. "ఆ కుర్రాడి ముక్క ఒక్కటీ తీసేద్దాం. మిగతాది ఉత్త కోతిచేష్టలు, పదమూడుకి ఇచ్చేద్దాం. డైరెక్టరు ఒప్పుకుంటాడు. వాళ్ళకి కావలసింది బడిపిల్లల టిక్కెట్లే."

డైరెక్టర్ని లోపలికి పిలిచారు. ముప్పై దాటని మనిషి, వేళ్ళు విరుచుకుంటూ నిలబడ్డాడు. తీసెయ్యమంటే తీసేస్తానన్నాడు, తలవంచుకుని. అంత తొందరగా ఒప్పుకుంటాడని ఎవరూ అనుకోలేదు.

దీపాలమ్మ ముందుకు వంగింది. "బాబూ, ఆ మాట ఎక్కడిది? ఒకసారి చేసి చూపించు అన్న మాట."

"అందరూ చెప్పేదే కదండీ," అన్నాడు అతను. "మా నాన్న వాళ్ళ పక్కింటి కుర్రాణ్ణి అలాగే అడిగారట. నేను సినిమా కోసం ఊళ్ళు తిరిగితే ప్రతి చోటా ఒకరు చెప్పారు. ఒక చోట పాట పాడించారు, ఒక చోట బొమ్మ గీయించారు. ముందు నవ్వేవాళ్ళట. అలా నవ్వితే ఇంట్లో వాళ్ళు గొడవ చెయ్యరు కదండీ. వాళ్ళకి అదొక పద్ధతి."

పద్ధతి. ఆ మాట ఆమె చెవిలో పడి అక్కడే ఆగిపోయింది. ఆ ముద్దు, ఆ తొడలు చరుచుకోవడం, ఆ కళ్ళు తుడుచుకోవడం తమ ఇంట్లో మాత్రమే జరిగిన దురదృష్టమని ఇన్నేళ్ళు అనుకుంది. నేర్పిస్తే నేర్చుకుని వచ్చారన్నమాట. ఆ ఇంట్లో ఎలా నవ్వారో ఈ ఇంట్లోనూ అలాగే నవ్వారు. అమ్మ ఆ ఒక్క నవ్వుకీ తనని తాను తిట్టుకోని రోజు లేదు. ఎన్ని ఇళ్ళల్లో ఎంతమంది అమ్మలు అలాగే నవ్వి ఉంటారు?

"మరి మీ నాన్నగారి పక్కింటి కుర్రాడు?"

"రాలేదండీ."

"సినిమాలో మరి కిటికీ ఎందుకు పెట్టావు?"

అతను వేళ్ళు విరవడం ఆపాడు. "నిజంగా జరిగినట్టు తీస్తే నవ్వు రాదు కదండీ. ఇంకొకటి... ఒక్కడినైనా కిటికీ దాకా పంపిద్దామనిపించింది."

దీపాలమ్మ తన చేతుల్లోకి చూసుకుంటూ అంది, "మా ఇంటికి వచ్చినవాళ్ళు మంచినీళ్ళు కూడా అడిగారు. గ్లాసు నేనే ఇచ్చాను."

హెడ్మాస్టరు కళ్ళజోడు తీశాడు. తుడవలేదు, ఊరికే చేత్తో పట్టుకున్నాడు. ఆయనకి అంతకన్నా చెప్పక్కర్లేదు.

"ఆ కుర్రాణ్ణి తీసెయ్యొద్దండీ," అంది ఆమె. "ఒకసారి తీసుకెళ్ళారు చాలు. పిల్లలు నవ్వనీండి. నవ్వించాడని పదిహేనేళ్ళవాణ్ణి పట్టుకుపోయిన చోట, పదిహేనేళ్ళవాళ్ళు నవ్వకూడదని మనం రాస్తామా? నవ్వాక ఎవరో ఒకరు కూర్చోబెట్టి చెప్పాలి, కిటికీ దాకా ఎవరూ వెళ్ళలేదని. బళ్ళో టీచరు చెప్పాలి. ఆ షరతు పెట్టండి."

"టీచరు చెప్తుందంటారా?" అన్నాడు హెడ్మాస్టరు మెల్లగా.

ఆ ప్రశ్న ఎవరికి తగలాలో వాళ్ళకే తగిలింది. ఆమె తల దించుకుంది. ముద్ర మాత్రం పడింది, పదమూడు నిండినవాళ్ళు, ఒక్క ముక్కా కత్తిరించకుండా.

* * *

షరతు ఇంటి దగ్గరే మొదలుపెట్టాలని ఆమెకి తెలుసు. సినిమా విడుదలయ్యే లోపు పిట్టని పక్కన కూర్చోబెట్టుకుని మామయ్య సంగతి చెప్పాలి, అమ్మమ్మ దగ్గర ఆ సినిమా ఊసెత్తొద్దని ఒట్టు వేయించుకోవాలి. రేపు, ఎల్లుండి అంటూ నెట్టుకొచ్చింది. ఒకరోజు పరీక్ష, ఒకరోజు జలుబు. భర్త రైల్లో గార్డు, ఇంట్లో ఉన్న పూట నిద్రపోతుంటాడు. ఆయన్ని లేపి "చెప్పనా?" అని అడిగితే, "నీ పిల్ల, నీ అన్న, నీకు తెలియదా?" అని అటు తిరిగి పడుకున్నాడు.

బడివాళ్ళు పిల్లల్ని సినిమాకి తీసుకెళ్ళే రోజు రానే వచ్చింది. పిట్ట జడ వేయించుకుంటూ ఎగిరెగిరి పడుతోంది.

"అమ్మా, ముద్ర వేసింది నువ్వేనని క్లాసులో అందరికీ చెప్పేశా. మా అమ్మ దేనికైనా లైటు వేసేస్తుంది, దీనికి వెయ్యలేదంటే ఎంత బాగుంటుందో చూసుకోండి అన్నా."

"కదలకు. సాయంత్రం నేను వచ్చాక నీతో ఒక మాట చెప్పాలి."

"ఇప్పుడే చెప్పు."

"సాయంత్రం చెప్తానన్నానా. నేను వచ్చేదాకా నోరు మూసుకుని కూర్చో."

"నోరు మూసుకుంటే సినిమాలో నవ్వడమెలాగ?" అంటూ పిట్ట చెయ్యి విడిపించుకుని పరిగెత్తింది.

ఆ రోజు ఆఫీసులో పెద్ద సినిమా పడింది. యుద్ధాలు, గుర్రాలు, ఒక పట్టాన తెమలలేదు. ఆమె బస్సు దిగి వీధి మలుపు తిరిగేసరికి ఎండ గోడల పైకి ఎక్కిపోయింది. గేటు మీద చెయ్యి వేసి ఆగిపోయింది.

ఇంట్లోంచి నవ్వు వినిపిస్తోంది. పిట్ట నవ్వు ఆమెకి తెలుసు. దానితో కలిసి ఇంకొకటి, కొంచెం గరగరలాడుతూ, మధ్యలో దగ్గుతూ, మళ్ళీ పైకి లేస్తూ. ఆ నవ్వు ఆమె తొమ్మిదో ఏట ఆఖరుసారి విన్నది. చూడక్కర్లేదు, ఎవరిదో ఒళ్ళే చెప్పింది.

లోపలికి వెళ్ళింది. అమ్మ మంచం మీద కూర్చుని తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. పిట్ట గది మధ్యలో గడ్డం పైకెత్తి, భుజం లేపి నడుస్తోంది.

"అలా కాదే పిల్లా, గడ్డం ఇంకా పైకి. ఆ భుజం కాదు, ఎడమది. ఆఁ, కాలు ఈడ్చు, ఈడ్చు... వాడైతే ఇంకా..." అమ్మ ఆగింది. కూతుర్ని చూసింది. ముఖం నిండా నీళ్ళు, కాని ముఖం వెలుగుతోంది.

"అమ్మడూ! సినిమాలో చూపించారటే. వీధివీధంతా చూస్తోందట. వాళ్ళు నవ్వుతూ ఉండగానే వాడు కిటికీలోంచి దూకేశాడటే!"

ఎవరమ్మా ఆ వాడు, అది సినిమా కదా అని దీపాలమ్మ అనబోయింది.

"పిట్ట చెప్పిందమ్మా," అంటూ అమ్మ గోడ పట్టుకుని లేచింది. వెనక గదిలోకి వెళ్ళింది. కొంచెం సేపటికి అక్కడి నుంచి టకటకమని చప్పుడు మొదలైంది. రోకలిబండ తీసుకుని, రంగుతో అతుక్కుపోయిన గడియని కొడుతోంది. పెచ్చులు పెచ్చులుగా రంగు రాలుతోంది. కూతురు వెళ్ళి చెయ్యి పట్టుకుంటే విదిలించుకుంది.

"అమ్మా, వద్దు. చెయ్యి నొప్పెడుతుంది."

"నాకు తెలియదనుకుంటున్నావా?" అంది అమ్మ వెనక్కి తిరక్కుండా. "సినిమా అని తెలుసు. నాకేం మతిపోలేదు. గది ఉక్కగా ఉంది, తీస్తున్నాను. గాలి రావద్దా మనిషికి?"

గడియ ఊడింది. కిటికీ తెరుచుకుంది. అమ్మ ఊచల్లేని ఆ కిటికీ గట్టు మీది దుమ్ముని కొంగుతో తుడిచింది. ఎవరో కాలు పెట్టబోతున్నట్టు, మూల మూలలా తుడిచింది.

* * *

దీపాలమ్మ పిట్టని వెనక మెట్ల మీదికి తీసుకెళ్ళి అప్పుడు చెప్పింది. జ్వరం కాదని, చెప్పులు బయట విప్పారని, మంచినీళ్ళు తనే ఇచ్చిందని, అమ్మమ్మ కూడా నవ్విందని. గొంతు అందక కొన్ని మాటలు రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. పదమూడేళ్ళ వాళ్ళు తట్టుకోగలరా, పద్నాలుగేళ్ళ వాళ్ళకి అర్థమవుతుందా అని ఆ గదిలో ముగ్గురు పెద్దవాళ్ళు ఎంతసేపు కొట్టుకున్నారు! ఎనభైకి దగ్గరైన మనిషి తట్టుకోగలదా అని ఒక్కరూ అడగలేదు. అలాంటి ముద్ర ఒకటి ఉంటుందని కూడా ఎవరికీ తోచలేదు.

"బళ్ళో టీచరు ఏం చెప్పింది?" అని అడిగింది చివరికి.

"ఆ కాలంలో ప్రజలు కొన్ని ఇబ్బందులు పడ్డారని చెప్పింది," అంది పిట్ట. "ఈలోపు బస్సు వచ్చేసింది."

పిట్ట చాలాసేపు మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని కూర్చుంది. ఏడుస్తోందనుకుంది తల్లి. తల ఎత్తితే ఏడవలేదు, కోపంగా ఉంది.

"నేను అందరికంటే గట్టిగా నవ్వానమ్మా. హాల్లో అందరూ వెనక్కి తిరిగి చూశారు. నీకు తెలిసీ నన్నెందుకు నవ్వనిచ్చావు?"

ఆఫీసులో చెప్పిన జవాబు నోటి దాకా వచ్చింది. అక్కడ ఎంత నిజంగా వినిపించిందో ఇక్కడ, ఈ పిల్ల ముఖం ముందు, అంత చిన్నగా కనిపించింది. పైగా అది అబద్ధమూ కాదు.

"ఇప్పుడు అమ్మమ్మకి ఏం చెప్పను? పారిపోయాడా అని మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ అవునన్నాను."

లోపలి నుంచి పిలుపు వచ్చింది. "పిట్టా! ఎక్కడే? ఇంకొక్కసారి చేసి చూపించవే!"

ఆ మాటకి ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. పిట్ట తల్లి వంక చూసింది. తల ఊపితే చేస్తాను, వద్దంటే మానేస్తాను అన్నట్టు. ఒకప్పుడు ఒక కుర్రాడు వాళ్ళమ్మ వైపు సరిగ్గా ఇలాగే చూశాడు. దీపాలమ్మ తల కదిలించలేకపోయింది, ఎటువైపూ.

పిట్ట తనే లేచింది.

గదిలో చీకటి పడుతోంది. వెనక కిటికీలోంచి వచ్చే కాస్త వెలుతురే ఉంది. అమ్మమ్మ మంచం అంచున, చేతులు ఒళ్ళో పెట్టుకుని, చిన్నపిల్లలా ఎదురుచూస్తోంది. పిట్ట గది మధ్యలోకి వెళ్ళి గడ్డం పైకెత్తింది. ఎడమ భుజం లేపింది. ఈసారి కాళ్ళు ఈడవక్కర్లేకుండానే బరువుగా పడ్డాయి. కంట్లోంచి కారుతున్నది చెంపల మీదుగా మెడలోకి దిగుతోంది, ఆ పిల్ల నిజంగానే మెడదాకా నీళ్ళలో నడుస్తోంది.

"ఆఁ! అదీ నడక!" అంది అమ్మమ్మ, చేతులు చరిచి. "అచ్చం వాడే. ఇందాకటికన్నా ఇప్పుడు బాగా వచ్చింది," అని నవ్వింది.

గుమ్మంలో నిలబడ్డ దీపాలమ్మ చెయ్యి అలవాటుగా స్విచ్చు మీదికి వెళ్ళింది. వేస్తే గదంతా వెలుగు పడుతుంది, పిట్ట ముఖం కనిపిస్తుంది. వేలు స్విచ్చు మీద పెట్టి, నొక్కకుండా, ఆ నడక కిటికీ దాకా వెళ్ళి తిరిగి వచ్చేవరకూ అలాగే నిలబడింది.